ఏం లేదులే

ఇమబారి
2024 ఫిబ్రవరి 11, ఆదివారం

మినోరీ,

కవరు చూసి కంగారుపడకు, ఎవరూ పోలేదు. పోయింది ఫాక్సు మిషను. ఇరవై మూడేళ్ళు నీకూ నాకూ మధ్య కాగితాలు నమిలి నమిలి మొన్న మంగళవారం దాని దవడ పట్టేసింది. బాగుచేసే ఆయన వచ్చి మూత తీసి చూసి, దీని వయసు మిషను ఊళ్ళో ఇంకోటి లేదండీ, దణ్ణం పెట్టి సాగనంపండి అన్నాడు. సెల్లులో ఆ ఆవగింజలంత అక్షరాలు నొక్కడం నా వల్ల కాదు. రెండు మాటలు నొక్కేసరికి మూడోది మర్చిపోతాను. కాబట్టి ఇక పెన్నే గతి.

ముందు పళ్ళ సంగతి. నువ్వు చేసిచ్చిన కింది సెట్టు ఎడమవైపు ఒరుసుకుంటోంది. ముల్లంగి ఊరగాయ నమలాలంటే ఏడుపొస్తోంది. మేనకోడలు కట్టుడుపళ్ళు చెయ్యడంలో దిట్ట అని ఊరంతా చెప్పుకున్న నోరు ఇది, వచ్చినప్పుడు కాస్త అరగదీసి పెట్టు.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న పోయి పన్నెండేళ్ళు నిండుతున్నాయి, పదమూడో ఏటి తద్దినం ఏప్రిల్ 14న, ఆదివారం. పోయినరోజు పందొమ్మిదే గానీ అది పనిరోజు. గుడిలో గురువుగారు పొద్దున పదిన్నరకి ఖాయం చేశారు. మా తమ్ముడు తెత్సువో, అదే మీ బాబాయి, ఎప్పటిలాగే పెద్దరికం చేసి నాలుగు మాటలు మాట్లాడతాడు. భోజనాలు రేవు దగ్గర చేపల హోటల్లో. నువ్వు ముందురోజే వచ్చెయ్, మేడ మీద పక్క పరిచి ఉంచుతా.

నువ్వేదో కుక్కని తెచ్చుకున్నావని తెత్సువో పెళ్ళాం చెప్పింది. చెవులు వినపడనివాళ్ళకి సాయం చేసే కుక్కట. టీవీలో గుడ్డివాళ్ళని నడిపించే కుక్కల్ని చూశాను, దూడలంత ఉంటాయి. నీకు తోడుంటే నాకూ సంతోషమే. కానీ గుడిలోకి జంతువు ఏమిటి తల్లీ? పోయిన ఏడే కొత్త తతామి చాపలు వేయించారు. కుక్క రాదని గురువుగారికి ముందే చెప్పేశాను. ఒకయామాలో కుక్కల హోటళ్ళు ఉంటాయిగా, రెండు రోజులు అక్కడ పెట్టు. నీ చొక్కా చెయ్యి పట్టుకుని లాగడానికి నేనున్నాను, ఎప్పటిలాగే.

చలి ఇంకా పోలేదు. నడుముకి ఉన్నిగుడ్డ చుట్టుకో.

నీ అత్తయ్య
కికుయే

---

ఒకయామా
ఫిబ్రవరి 18

అత్తయ్యకి నమస్కారాలు.

ఫాక్సు పోయిందంటే దిగులేసింది. హాస్టల్లో ఉన్నప్పుడు నీ గీతలు సర్రున బయటికి వస్తుంటే కాగితం అంచుని వేళ్ళతో పట్టుకుని ఉండేదాన్ని, అది వణికేది. పళ్ళు వచ్చినప్పుడు చూస్తాను. అందాకా రాత్రిళ్ళు తీసి నీళ్ళలో పెట్టు. పెట్టవని నాకు తెలుసు.

కుక్క పేరు గోమా. దూడంత కాదు, నీ కుట్టుమిషను డబ్బాలో పట్టేస్తుంది. ఏ జాతో ఎవరికీ తెలియదు. వీధికుక్కల్ని పట్టుకెళ్ళి పెట్టే చోట నుంచి శిక్షణవాళ్ళు ఏరి తెచ్చారు. తెల్లటి ఒంటి మీద నువ్వులు చల్లినట్టు నల్లచుక్కలు, అందుకే నువ్వుల పేరే పెట్టారు. ఇద్దరం కలిసి పరీక్ష రాసి పాసయ్యాం. దానికి గుర్తింపుకార్డు ఉంది, నారింజరంగు కోటు ఉంది. చూసినవాళ్ళందరూ అడిగేది ఒకటే, ఇదా ఆ కుక్క అని.

ఏం చేస్తుందో చెప్పనా? శబ్దం వినగానే వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేస్తుంది. "ఎక్కడ?" అని సైగ చేస్తాను. తిరిగి చూసుకుంటూ ముందు నడిచి, ఆ శబ్దం ఎక్కడ పుట్టిందో అక్కడికి తీసుకెళ్ళి కూర్చుంటుంది. అంతే దాని ఉద్యోగం. కానీ అత్తయ్యా, ఈ మూడు నెలలూ నేను నోరు తెరుచుకుని తిరుగుతున్నాను. అన్నం ఉడికాక కుక్కర్ పిలుస్తుందని నాకు తెలియదు. స్నానాలతొట్టి నిండాక గోడలో డబ్బా మాట్లాడుతుందట. నలభై ఆరేళ్ళు నా ఇంట్లో ఇన్ని వస్తువులు నన్ను పిలుస్తూనే ఉన్నాయి, నేను పలకకుండా తిరిగాను. ఒకరోజు గోమా నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కూర్చుంది. బయట ఏమీ లేదు. చివరికి చూస్తే కిటికీ గడి వదులై గాలికి కొట్టుకుంటోంది. దానికి నేర్పని శబ్దం అది. నాకు తెలియాలని దానికే అనిపించింది. ఆ రాత్రి చాలాసేపు దాని చెవులు చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు నీకు నచ్చని మాట. ఈసారి తద్దినం నేను పెడతాను. ఉన్నది ఒక్క కూతుర్ని. ఏడాదికీ, మూడో ఏటికీ, ఏడో ఏటికీ బాబాయే పెద్దరికం చేశాడు, నేను అతిథిలా కూర్చున్నాను. ఈసారి ముందు వరసలో కూర్చుని, ముందు ధూపం వేసి, నాలుగు మాటలు నా చేతులతో చెబుతాను. నగరపాలక ఆఫీసు నుంచి సైగలు చదివి వినిపించే అమ్మాయి వస్తుంది, ఏర్పాటు చేసుకున్నాను. గోమా నా పక్కనే ఉంటుంది. సంచీలా ఎక్కడో దింపి రావడానికి కుదరదు.

ఇంకొకటి. మూడో ఏటి భోజనాల్లో అందరూ పగలబడి నవ్వారు, గుర్తుందా? ఏమిటని నిన్నడిగాను. "ఏం లేదులే" అన్నావు. అందరూ నవ్వుతున్నారు కదా అని నేనూ నవ్వాను. మొన్న బాబాయి కూతురు చెప్పింది. గురువుగారి మంత్రాలు మినోరికి చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా అన్నాడట బాబాయి. నా మీద వేసిన జోకుకి నాతోనే నవ్వించావు.

నువ్వు చెడ్డదానివని కాదు. కానీ గోమా ఇంతవరకూ ఒక్కసారి కూడా నాతో "ఏం లేదులే" అనలేదు.

నీ
మినోరి

---

ఇమబారి
ఫిబ్రవరి 25

మినోరికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివినప్పుడల్లా ఆ ఆఖరి ముక్క దగ్గర కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను.

ఆరేళ్ళ పిల్లవి, మీ అమ్మ పోయిన నెలకి మీ నాన్న నిన్ను నా గుమ్మంలో దింపి ఓడల రేవుకి వెల్డింగు పనికి పోయాడు. నాకు తల్లితనం రాదు, తువ్వాళ్ళ మిల్లులో మగ్గాల మధ్య పెరిగినదాన్ని. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి ఆడవాళ్ళం చేతులతో, పెదాలతో మాట్లాడుకునేవాళ్ళం. దారం తెగిందంటే ఒక సైగ, మేస్త్రీ వస్తున్నాడంటే ఒక సైగ. వాటితోనే నీతో మాట్లాడాను. నీ బడివాళ్ళు సైగలు చెయ్యద్దు, నోటితో పలికించండి అని తిడితే సరేనని తలూపి వచ్చి ఇంట్లో సైగలే చేశాను. నలభై ఏళ్ళు నీ చెవులు నేనే. ఇప్పుడు ఎక్కడో చెత్తకుండీ దగ్గర దొరికిన కుక్కపాటి చెయ్యలేకపోయానన్నమాట.

తెత్సువో అన్నది తప్పే. వాడి నోరు ఎప్పుడూ అంతే. అది నీకు చెప్పి నీ మొహం వాడిపోవడం చూడమంటావా? ఊరుకున్నంత ఉత్తమం లేదని ఊరుకున్నాను. చెప్పాల్సినవి చెప్పాను, అక్కర్లేనివి వదిలేశాను. బియ్యంలో రాళ్ళు ఏరి పారేస్తాంగానీ కంచంలో వడ్డిస్తామా?

చేపల హోటల్‌కి ఫోన్ చేశాను, నీకోసమే చేశాను. కుక్క అనగానే కుదరదన్నారు. గుడి పెద్దల్లో ఒకాయన మొహం గంటు పెట్టుకున్నాడు. నువ్వు సైగలు చేస్తుంటే చూడ్డానికి కొత్తగా ఉంటుంది, పిల్లలు నవ్వుతారు. ఎందుకొచ్చిన గొడవ? తెత్సువోనే మాట్లాడనీ.

అయినా ఇన్నాళ్ళకి ఇవన్నీ ఎందుకు తవ్వుతున్నావు? నిన్నెవరన్నా ఎగదోశారా? మీ నాన్న పోయినరోజు ఆసుపత్రి సంగతులు ఎవరన్నా ఏమన్నా చెప్పారా? చెప్పినా పట్టించుకోకు.

అత్తయ్య

---

ఒకయామా
మార్చి 5

అత్తయ్యా,

నువ్వు చేసినవి నాకు తెలియవా? నీ మగ్గం సైగలు ఇప్పటికీ నా చేతుల్లో ఉన్నాయి. నేను కంగారులో "త్వరగా" అంటే చెవిటి స్నేహితులందరూ నవ్వుతారు, అది ఏ భాషలోనూ లేదు, దారం తెగిందని నువ్వు చేసే సైగ అది. కానీ బియ్యం నాది. రాళ్ళు ఉన్నాయో లేవో నేనే చూసుకుంటాను. పంటికింద పడితే నా పన్నే విరుగుతుంది, పళ్ళు కట్టడం నాకొచ్చు.

నేను గురువుగారికి ఉత్తరం రాశాను. నిన్ను దాటి వెళ్ళినందుకు కోప్పడతావు. ఆయన జవాబు నాలుగు వాక్యాలు. చాపల మీద మరకలు తుడిస్తే పోతాయి, ధూపం పొగకి కుక్క తుమ్మితే మాత్రం నేను నవ్వు ఆపుకోలేను, ముందే క్షమించండి అని రాశారు.

చేపల హోటల్‌కి శనివారం నేనే వెళ్ళాను. కాగితం మీద రాసి అడిగాను. యజమానురాలు గోమాని చూసి, మామూలు పెంపుడు కుక్కకి కోటు తొడిగి తెచ్చారా అని రాసింది. కార్డు చూపించాను. ఇలాంటి కుక్కల్ని ఆపకూడదని ఇరవై ఏళ్ళ కిందటే చట్టం వచ్చిందని రాశాను. మాకూ తెలుసు గానీ మిగతా వచ్చేవాళ్ళు ఏమనుకుంటారో అని రాసింది. ఆ మాట నేను ఎన్ని గుమ్మాల దగ్గర చదివానో. అయినా లేవలేదు. సీబ్రీమ్ చేప అన్నం ఒకటి తెప్పించుకుని తిన్నాను. నలభై నిమిషాలు గోమా బల్ల కింద పడుకుంది. పక్కబల్ల వాళ్ళు లేచేటప్పుడు దాన్ని చూసి ఉలిక్కిపడ్డారు, అప్పటిదాకా అది ఉందనే తెలియదు వాళ్ళకి. యజమానురాలు వచ్చి, ఎంత బుద్ధిగల కుక్కండీ, తప్పకుండా తీసుకురండి అని రాసింది. నేను కింద ఇంకో వాక్యం రాశాను: "కుక్క బుద్ధిగలదని కాదు, నేను భోజనానికి వచ్చినదాన్ని అని రానివ్వండి." ఆవిడ అది చదివి నాకు తలవంచింది. బయటికొచ్చాక రేవు గోడ మీద కూర్చుని గోమాకి గిన్నెలో నీళ్ళు పోశాను.

ఆసుపత్రి సంగతి ఏమిటి? నాకెవరూ ఏమీ చెప్పలేదు. ఎవరేం అన్నారు? నేను నాన్నకి బరువయ్యాననా? నా వల్ల రెండో పెళ్ళికి వచ్చిన మంచి సంబంధం పోగొట్టుకున్నాడనా? బంధువులు అనుకునేవి నాకు చూచాయగా తెలుసు. నువ్వు చెప్పు, నేను పడతాను.

మినోరి

---

ఇమబారి
మార్చి 10

మినోరీ,

శనివారం ఇమబారి వచ్చి మన ఇంటి గుమ్మం తొక్కకుండా వెళ్ళిపోయావు. రేవులో చేప అన్నం తిన్నావు. నేను ఇక్కడ ఒక్కదాన్నీ నిన్నటి పులుసు వేడిచేసుకుని తింటున్నాను. పక్కింటి కొన్నోగారు వచ్చి, మీ మినోరి ఎంత బాగుందో, కుక్క ఎంత ముద్దుగా ఉందో అని చెబుతుంటే అవునండీ అవునండీ అని తలూపాను. నువ్వు వచ్చినట్టు నాకు తెలుసన్నట్టే నటించాను. ఈ వయసులో నాకీ నాటకం నేర్పావు.

గురువుగారు ఒప్పుకున్నారు, హోటలు ఒప్పుకుంది, ఇక నా అవసరం ఎవరికుంది. నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. నాకు మోకాళ్ళ నొప్పి, ఆరోజు గుడి మెట్లు ఎక్కలేను.

ఆసుపత్రిలో ఎవరూ ఏమీ అనలేదు. ఏం లేదులే.

కికుయే

---

ఒకయామా
మార్చి 20, పగలూ రాత్రీ సమానమయ్యే పండగ

అత్తయ్యా,

పెద్దల్ని తలుచుకునే రోజు కదా, నాన్న ఫొటో ముందు బెల్లం ఉండలు పెట్టి కూర్చుని రాస్తున్నాను.

ఆరోజు మన వీధి మలుపుదాకా వచ్చాను. గోమా తలెత్తి నా వైపు చూసింది, ఎటు అని. నువ్వు తలుపు తీసి, నువ్వు రా, కుక్క బయట ఉండనీ అంటావేమోనని భయమేసింది. హోటలామె అంటే కాగితం తీసి చట్టం రాయగలను. నువ్వు అంటే నా దగ్గర ఏ కాగితమూ లేదు. అందుకే వెనక్కి తిరిగాను. కొన్నోగారి ముందు నువ్వు నటించాల్సి వచ్చినందుకు నన్ను క్షమించు.

గోమా నీ బదులు కాదు. నువ్వు నాకు నవ్వడం నేర్పావు, తిట్టడం నేర్పావు, దానికి అవి రావు. కానీ అది చెయ్యగలిగింది ఒకటి నువ్వు చూడాలి. ఎవరైనా దానితో "మినోరిని పిలువు" అంటే చాలు, నేను ఏ గదిలో ఉన్నా వెతికి పట్టుకుని పిలిచిన మనిషి దగ్గరికి తీసుకెళుతుంది. చిన్నప్పుడు నువ్వు నన్ను అన్నానికి పిలవాలంటే చీపురుకర్రతో స్తంభం కొట్టేదానివి, నేలని కాలితో తన్నేదానివి, దీపం ఆర్పి వెలిగించేదానివి. ఇక ఏదీ తన్నక్కర్లేదు. పేరు పెట్టి పిలువు.

రా అత్తయ్యా. మెట్లు నన్ను పట్టుకుని ఎక్కుదువుగాని. నువ్వు లేకుండా నేను నాలుగు మాటలు చెప్పినా, ఎవరి మొహం చూసి చెప్పను?

నీ మినోరి

---

ఇమబారి
ఏప్రిల్ 16

తల్లీ మినోరీ,

నువ్వు నిన్న సాయంత్రం రైలెక్కావు. రాత్రంతా నిద్రలేదు. చేతికి ఏదో ఒక పని ఉండాలని తువ్వాళ్ళు అన్నీ తీసి మళ్ళీ మడతపెట్టాను. ఇక రాయక తప్పదు.

ముందు గుడి సంగతి రాయనీ, అది రాస్తే మిగతాది రాయడానికి ధైర్యం వస్తుంది.

మెట్ల దగ్గర నీ కుక్క కాళ్ళు నాలుగూ నువ్వు తుడుస్తుంటే తువ్వాలు నేనే అందించాను. మన మిల్లుది, మంచిది. గుడి పెద్దాయన పక్కనుంచి వంగి చూసి, మా మనవడి కాళ్ళు కూడా ఇంత శుభ్రంగా తుడవరు అన్నాడు. లోపల నీ పక్కన కూర్చున్నాను. మంత్రాలు మొదలయ్యాయి. నా చెయ్యి దానంతట అదే నీ చొక్కా చేతి మీదకి వెళ్ళింది, నలభై ఏళ్ళ అలవాటు. నువ్వు నా వైపు చూడలేదు. నువ్వు గోమా చెవులు చూస్తున్నావు. గంట మోగితే అవి ముందుకి తిరిగేవి. వెనక ఎవరో దగ్గితే ఒక చెవి వెనక్కి. ఉన్నట్టుండి రెండు చెవులూ గుమ్మం వైపు తిరిగాయి, నువ్వూ తిరిగావు. మాకెవరికీ ఏమీ వినపడలేదు. తర్వాత తలుపు జరిగి, ఆలస్యంగా వచ్చిన మీ బాబాయి కూతురు పసిపిల్లని ఎత్తుకుని లోపలికొచ్చింది. గుడిలో ఉన్న అందరికంటే ముందు నువ్వు తిరిగావు. నా పక్కన కూర్చున్నది నేను పెంచిన పిల్లేనా అనిపించింది.

నీ చేతులు లేచినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ సైగలమ్మాయి నీ మాటలు పైకి చెబుతుంటే నేను ఆమెని వినలేదు, నిన్నే చూశాను. నాన్న యాభై ఎనిమిదేళ్ళ వయసులో కాలిన వేళ్ళతో సైగలు నేర్చుకోవడానికి సామాజిక భవనానికి వెళ్ళేవాడని, ఆ బిరుసు వేళ్ళలో చిటికెనవేలు చాపి "కూతురు" అనబోతే "చిటికెనవేలు నొప్పి" అని వచ్చేదని, అయినా రోజూ అన్నాడని చెప్పావు. అది నాకు తెలియదు. మా అన్నయ్య నాకే చెప్పలేదు. తెత్సువో భోజనాల్లో ఏదో వెటకారం ఆడబోతే ఆ అమ్మాయి పొల్లు పోకుండా, వాడి దగ్గుతో సహా నీకు చూపించింది. నువ్వు వాడి వైపు తిరిగి, చెప్పు బాబాయ్, వింటున్నా అన్నావు. వాడు పక్కవాళ్ళ గ్లాసుల్లో బీరు పొయ్యడం మొదలుపెట్టాడు. నాకు కడుపు నిండింది.

ఇప్పుడు నిన్న పొద్దున. నేను వంటింట్లో పులుసు కాస్తున్నాను, నువ్వు మేడ మీద పక్కలు మడుస్తున్నావు. గోమా ఎందుకో కిందికొచ్చి నా ఎదురుగా కూర్చుంది. నువ్వు రాసింది గుర్తొచ్చింది. సిగ్గుపడుతూ, ఎవరన్నా వింటారేమోనని చిన్నగా, "మినోరిని పిలువు" అన్నాను. అది వెనక్కి తిరిగి మెట్లెక్కి పోయింది. గరిట ఇంకా నా చేతిలోనే ఉంది, జుట్టు దువ్వకుండా నువ్వు మెట్లు దిగి వచ్చి, "పిలిచావా?" అని సైగతో అడిగావు.

నిన్ను నోటితో పిలవడం, నువ్వు రావడం. జీవితంలో మొదటిసారి. అంత చిన్న గొంతుకి వచ్చావు. ఏమిటి అని నువ్వు మళ్ళీ అడిగితే పాడు నోటికి అలవాటైందే వచ్చింది, ఏం లేదులే అని. నీ మొహం వాడిపోవడం చూశాను. పులుసు చల్లారేదాకా నువ్వు నా వైపు చూడలేదు.

లేకపోవడం కాదు, ఉంది. పన్నెండేళ్ళుగా ఉంది.

మీ నాన్న నిద్రలో పోయాడని నీకు చెప్పాను. అబద్ధం. ఆ మధ్యాహ్నం నువ్వు వరండాలో, పానీయాల మిషనుకి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నావు, గదికి వీపు పెట్టి. తలుపు తీసే ఉంది. నీకూ మాకూ మధ్య ఆరడుగులు. అన్నయ్య కళ్ళు తెరిచాడు. "మినోరి" అన్నాడు. గొణగలేదు, రేవులో అరిచే గొంతుతో పిలిచాడు. నేను లేవబోయాను, తీసుకొస్తానని. నా మణికట్టు పట్టుకున్నాడు. చచ్చేంత బలంగా పట్టుకున్నాడు. మళ్ళీ పిలిచాడు. నేను నేలని తన్నాను. మన ఇంటి చెక్కనేల కాదు, ఆసుపత్రి రాతినేల, నీకు తెలియలేదు. చెయ్యి విదిలించుకుని రెండు అంగలు వేసి ఉంటే నీ భుజం అందేది. కానీ ఆ చెయ్యి వదిలితే మనిషి పోతాడనిపించింది. రెండో చేత్తో నా కాలిచెప్పు తీసి నీ మీదకి విసిరాను. అది గురి తప్పి బెంచీ కింద దూరింది. మూడోసారి పిలిచాడు. ఆ తర్వాత లేడు.

నువ్వు కాసేపటికి లేచి, బెంచీ కింద చెప్పు చూసి, చేత్తో పట్టుకుని లోపలికి వచ్చావు. ఇది ఇక్కడెందుకుంది అని అడిగావు. నేను ఏం లేదులే అన్నాను.

నీ కుక్క అంటే నాకు కోపం కాదు, భయం. అది ఇంట్లోకి వస్తే ఇది బయటపడుతుందని నాకెలాగో తెలుసు. అది ఏం చేస్తుందో నువ్వు రాసిన రోజే అనుకున్నాను, ఆ కుక్క ఆరోజు ఉండి ఉంటే అని. ఈ ఉత్తరం చదివి నువ్వు నన్ను ఏమన్నా పడతాను. జవాబు రాయకపోయినా పడతాను.

కికుయే

---

ఒకయామా
ఏప్రిల్ 21

అత్తయ్యా,

నీ ఉత్తరం శుక్రవారం, పందొమ్మిదో తారీకున వచ్చింది. నాన్న పోయిన రోజే. పోస్టుమాన్ గంట కొట్టాడు, గోమా వచ్చి చెప్పింది, వెళ్ళి తీసుకున్నాను.

అబద్ధం చెప్పను, ఆ రాత్రి నీ మీద చాలా కోపం వచ్చింది. అన్నం తినలేదు. నీ ఫొటో ఉన్న చట్రాన్ని తిప్పి పెట్టాను. పొద్దున లేచి మళ్ళీ ఇటు తిప్పాను. ఆ చెయ్యి వదలనందుకు నాకు కోపం లేదు. నేనైనా వదిలేదాన్ని కాదు. పన్నెండేళ్ళు ఆ చెప్పు నువ్వు ఒక్కదానివే మోశావే, అందుకు కోపం. అది నాకు బాగా గుర్తుంది. గోధుమరంగుది, మడమ దగ్గర అరిగింది. దుఃఖంలో నీ కాలి నుంచి జారి అక్కడ పడిందనుకున్నాను. అది నన్ను పిలవడానికి వచ్చిందని నాకు తెలియదు.

ఇప్పుడు వరసగా అన్నీ చెప్పు. మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఎంతసేపు పట్టింది? నా పేరు ఒక్కటే అన్నాడా, వెనక ఇంకేమన్నా అన్నాడా? అప్పుడు ఎటు చూస్తున్నాడు? ఏదీ ఏరి పారెయ్యకు. వచ్చే శనివారం పదకొండింటి రైలుకి వస్తున్నాను, పళ్ళు అరగదీసే సామాను కూడా తెస్తున్నాను. నీ నోట విని, నీ చేతుల్లో చూసి, అప్పుడు ఏడుస్తాను. ఇద్దరం కలిసి ఏడుద్దాం. నీకు ఇన్నాళ్ళూ తోడు లేదు.

కానీ ఒక మాట అప్పటిదాకా ఆగలేను. నాన్న ఇంట్లో నన్నెప్పుడూ నోటితో పిలవలేదు. ఎదురుగా వచ్చేవాడు, లేకపోతే భుజం తట్టేవాడు. నాకు వినపడదని ఈ లోకంలో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. తెలిసీ పిలిచాడు, మూడుసార్లు. నాన్న నోటి పిలుపు అందరికీ ఉండేదే, వాళ్ళు లెక్కకూడా పెట్టుకోరు. నాకు ఒక్కటే ఉంది, అది నీ దగ్గర ఉంది, ఇప్పుడు నాకు అందింది. నిన్నటి నుంచి నేను నేల మీద నడుస్తున్నట్టు లేదు.

నా గొంతు నువ్వు విని ముప్ఫై ఏళ్ళు దాటింది. పదిహేనేళ్ళప్పుడు బస్సులో పిల్లలు నా మాటని అనుకరించారు, ఆ రోజుతో మూసేశాను. నిన్న పొద్దున వంటింట్లో నిలబడి, తలుపులన్నీ వేసి ఉన్నాయని చూసుకుని, "ఆఁ, నాన్నా" అన్నాను. ఎలా వచ్చిందో తెలియదు. గట్టిగానే వచ్చి ఉంటుంది, గొంతు మండింది.

అవతలి గదిలో పడుకున్న గోమా పరుగెత్తుకొచ్చి నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఏదో శబ్దమైందని చెబుతోంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఎక్కడ?" అని సైగ చేశాను. అది ఎటూ కదల్లేదు. నా మొహంలోకి చూస్తూ నా కాళ్ళ దగ్గరే కూర్చుంది.

మినోరి